ఖాళీ కుర్చీ ఎవరి కోసం?

వృద్ధాప్యం గురించి ఈమధ్య మన రాష్ట్రాల్లో బాగా చర్చ జరుగుతోంది. దక్షిణాదిలో వయసు మళ్లినవారి సంఖ్య పెరిగిపోతోందనీ, కుటుంబాలు ఎక్కువమంది పిల్లల్ని కనాలనీ ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు 2024 అక్టోబరులో అన్నారు. ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న పాత నిబంధనను ఆ మరుసటి నెలలోనే శాసనసభ తొలగించింది. ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023లో వెలువరించిన నివేదిక ప్రకారం, 2022లో దేశ జనాభాలో 60 ఏళ్లు దాటినవారు 10.5 శాతం. 2050 నాటికి వారు 20.8 శాతం అవుతారని అంచనా. అంటే ప్రతి ఐదుగురిలో ఒకరు.

ఇంత చర్చలోనూ పెద్దవారు ఒక బరువుగానే కనబడుతున్నారు. పింఛను ఎవరివ్వాలి, ఆస్పత్రి ఖర్చు ఎవరు పెట్టాలి, పిల్లలు దూరదేశాల్లో ఉంటే ఎవరు చూసుకోవాలి అన్నవే ప్రశ్నలు. ఇవి అడగవలసినవే, కాదనం. కానీ అడగని ప్రశ్న ఒకటి మిగిలిపోయింది. ప్రభుత్వ ఉద్యోగి ఆంధ్రప్రదేశ్‌లో 62 ఏళ్లకు, తెలంగాణలో 61 ఏళ్లకు పదవీ విరమణ చేస్తారు. ఆరోగ్యం సహకరిస్తే ఆ తర్వాత ఇంకా పదిహేను, ఇరవై ఏళ్ల జీవితం ఉంటుంది. ఆ ఏళ్లలో ఏం నేర్చుకోవాలని ఉందో వారిని మనమెప్పుడైనా అడిగామా?

మన చట్టం కూడా అడగలేదు. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. అందులో పోషణ అంటే తిండి, బట్ట, నివాసం, వైద్యం అని రాసి ఉంది. ఈ నాలుగూ ముందు అందవలసినవే. అయితే మనిషికి ఇవి నాలుగే చాలునా? 1991 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ వయోవృద్ధుల కోసం ఆమోదించిన సూత్రాల్లో చదువు, శిక్షణ అందుబాటులో ఉండాలన్న మాట కూడా ఉంది. ఆ మాటను చట్టంగా మార్చి, యాభై ఏళ్లుగా నడుపుతున్న చోటు ఒకటుంది. దాన్ని ఒకసారి పరిశీలిద్దాం.

విని వెళ్లే విద్యార్థులు

ఆడిట్ అంటే మనకు లెక్కల తనిఖీయే గుర్తొస్తుంది. అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఆ మాటకు ఇంకో అర్థం ఉంది. తరగతిలో కూర్చుని పాఠం వినడం, పరీక్ష రాయకపోవడం, మార్కులూ డిగ్రీ ఆశించకపోవడం. పెద్దవారికి ఈ అవకాశాన్ని రుసుము లేకుండా ఇవ్వాలని అక్కడి చాలా రాష్ట్రాలు నియమం పెట్టుకున్నాయి. వర్జీనియా రాష్ట్రం 1974లోనే దీనికొక చట్టం చేసింది. అక్కడ స్థిరనివాసం ఉండి 60 ఏళ్లు నిండినవారు ప్రభుత్వ కళాశాలల్లో, విశ్వవిద్యాలయాల్లో పాఠాలు ఉచితంగా వినవచ్చు. వినడానికి ఆదాయ పరిమితి లేదు. పరీక్ష రాసి డిగ్రీకి లెక్క వచ్చేలా చదవాలంటే మాత్రం ఆదాయం ఒక హద్దు దాటకూడదు. జార్జియాలో 62 ఏళ్లవారికి ఈ వెసులుబాటు రాష్ట్ర రాజ్యాంగ సవరణతోనే వచ్చింది. వైద్య, దంత, పశువైద్య, న్యాయ విద్యలను మాత్రం మినహాయించారు. టెక్సస్‌లో 65 ఏళ్లు దాటినవారిని ఉచితంగా కూర్చోబెట్టుకునే అధికారాన్ని చట్టం విశ్వవిద్యాలయాలకు ఇచ్చింది. న్యూజెర్సీలోని రట్గర్స్ విశ్వవిద్యాలయం ఆ రాష్ట్రంలో నివసించే 62 ఏళ్లు దాటిన విశ్రాంత పౌరులకు తరగతి తలుపులు తెరిచింది.

ఈ పేర్లు మన పాఠకులకు కొత్తవి కావు. రట్గర్స్ ఉన్న న్యూబ్రన్స్‌విక్ పక్కనే ఎడిసన్ పట్టణం. డల్లాస్, అట్లాంటా నగరాల చుట్టూ తెలుగు సంఘాలున్నాయి. మన విశ్వాసుల పిల్లలు అక్కడ ఉద్యోగాలు చేస్తున్నారు. వారి తల్లిదండ్రుల్లో కొందరు గ్రీన్‌కార్డు తీసుకుని అక్కడే స్థిరపడ్డారు కూడా. ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. ఈ సౌకర్యం రాష్ట్ర నివాసులకే. మనవల్ని చూసుకోవడానికి ఆరు నెలల విజిటర్ వీసా మీద వెళ్లినవారు దీనిమీద ఆశ పెట్టుకోకూడదు. అక్కడ నివాసం స్థిరపడినవారు మాత్రం తమ రాష్ట్ర నిబంధన ఏమిటో దగ్గరలోని ప్రభుత్వ కళాశాలలో అడిగి తెలుసుకోవచ్చు.

ఈ నియమాలన్నిటిలోనూ ఉమ్మడిగా ఒక షరతు ఉంది. ఖాళీ ఉంటేనే చోటు. ఫీజు కట్టిన విద్యార్థులంతా నమోదయ్యాక ఇంకా కుర్చీ మిగిలితే పెద్దవారికి ఇస్తారు. చాలాచోట్ల అధ్యాపకుడి అనుమతి కూడా కావాలి. ప్రయోగశాలలు, ఎక్కువమందిని చేర్చుకోలేని తరగతులు సాధారణంగా దొరకవు.

ఇది న్యాయమేనా? న్యాయమే అని మా అభిప్రాయం. అప్పు చేసి ఫీజు కట్టిన కుర్రవాడి కుర్చీని పింఛను వచ్చే పెద్దాయనకు ఇవ్వకూడదు. "చదువుకోవలసిన పిల్లలకే దిక్కులేదు, ముసలివాళ్లకు ఉచితమా?" అన్న అభ్యంతరానికి జవాబు ఆ షరతులోనే ఉంది. పాఠం ఎలాగూ జరుగుతుంది. దీపం వెలుగుతుంది, పంకా తిరుగుతుంది, అధ్యాపకుడు మాట్లాడతాడు. ముప్పై ఐదో మనిషి వచ్చి వింటే ఖర్చు ఏమీ పెరగదు. ఎవరి వాటా నుంచీ తీసుకోకుండా ఇంకొకరికి ఇవ్వగలిగినవి లోకంలో కొన్నే ఉంటాయి. మిగిలిపోయిన కుర్చీ అలాంటిది.

లాభం పెద్దవారికి మాత్రమే అనుకోనవసరం లేదు. ఎమర్జెన్సీ గురించో, 1977లో దివిసీమను ముంచిన ఉప్పెన గురించో పాఠం జరుగుతున్నప్పుడు, ఆ రోజుల్లో బతికిన మనిషి వెనక బెంచీలో ఉంటే ఇరవై ఏళ్ల పిల్లలకు ఆ పాఠం మరోలా వినిపిస్తుంది. మార్కుల కోసం కాకుండా తెలుసుకోవడం కోసమే వచ్చిన మనిషిని చూడడం కూడా ఆ పిల్లలకు ఒక చదువే. ఉద్యోగం ఇవ్వని చదువు దండగ అని మనం వారికి చిన్నప్పటి నుంచీ నూరిపోశాం కదా.

ఎవరు రాగలుగుతున్నారు?

ఇంత మంచి ఏర్పాటులోనూ ఒక లోటుంది. ఉచితం అన్నంత మాత్రాన తలుపు అందరికీ ఒకేలా తెరుచుకోదు. విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టడానికి జంకనివాడే అక్కడికి వెళతాడు. అప్పటికే డిగ్రీ ఉన్నవాడు, కారు నడపగలవాడు, ఇంగ్లీషు పాఠాన్ని అందుకోగలవాడు, మధ్యాహ్నం రెండు గంటలకు తన సమయం తన చేతిలో ఉన్నవాడు. ఎడిసన్‌లో కొడుకు ఇంట్లో ఉండే ఒక తెలుగు అమ్మమ్మను ఊహించండి. కారు నడపడం రాదు, బస్సు దారి తెలియదు, పిల్లలు బడి నుంచి వచ్చే వేళకు ఇంట్లో ఉండాలి. ఆమెకు ఆ చట్టం కాగితం మీదే ఉంటుంది. ఫీజు మాఫీ చేయడం ప్రభుత్వం పని. ఆమె చేతిలో వారానికి రెండు మధ్యాహ్నాలు పెట్టడం కొడుకూ కోడలూ చేయవలసిన పని.

ఇంకో దారిలో ఆలోచించినవారూ ఉన్నారు. ఫ్రాన్సులోని తులూజ్ నగరంలో ఆచార్య పియెర్ వెల్లాస్ 1973లో పదవీ విరమణ చేసినవారి కోసం మూడో వయసు విశ్వవిద్యాలయం అనే ఏర్పాటు ప్రారంభించారు. బాల్యం, ఉద్యోగ జీవితం గడిచాక వచ్చేది మూడో వయసు. అక్కడ విశ్వవిద్యాలయ ఆచార్యులే బోధించేవారు. 1980ల ఆరంభంలో ఆ ఆలోచన బ్రిటన్‌కు చేరినప్పుడు చరిత్రకారుడు పీటర్ లాస్‌లెట్, ఆయన మిత్రులు దాన్ని కొంత మార్చారు. ఆచార్యులూ లేరు, డిగ్రీలూ లేవు. సభ్యుల్లో ఒకరికి తెలిసింది మిగతావారికి చెబుతారు. విశ్రాంత లెక్కల ఉపాధ్యాయుడు లెక్కలు చెబుతాడు, సాయంత్రం మరొకరి దగ్గర సంగీతం నేర్చుకుంటాడు. హాలులోనో, ఎవరింట్లోనో తరగతి జరుగుతుంది. ఇంటికి దగ్గర, ఖర్చు తక్కువ, జంకు ఉండదు. మన పరిస్థితికి ఇది మరీ దగ్గరగా ఉందని మాకు తోస్తోంది.

మన గడప దగ్గర

మనకూ కొంత ఉంది. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులోనే పుట్టింది. నేడు అది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1985లో వచ్చిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో చేరడానికి గరిష్ఠ వయసు లేదు. 2017లో మొదలైన స్వయం వేదికలో పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ పరీక్షకే రుసుము. అది కూడా ఒక రకంగా ఉచితంగా విని వెళ్లడమే. అయితే అందులో ఇంగ్లీషు పాలే ఎక్కువ. ఒంటరిగా ఫోను ముందు కూర్చుని వినడం వేరు, పదిమంది మధ్య కూర్చుని సందేహం అడగడం వేరు.

వర్జీనియాలో ఉన్నలాంటి చట్టం మన రెండు రాష్ట్రాల్లోనూ లేదు. ఉంటే బాగుంటుంది. 1918 నాటి ఉస్మానియా, 1926 నాటి ఆంధ్ర, 1954 నాటి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాలు ప్రజల పన్నులతో నిలిచినవి. ఆ పన్నులు నలభై ఏళ్లు కట్టినవారు, 60 దాటాక తెలుగు సాహిత్యమో, చరిత్రో, న్యాయశాస్త్రమో, వృక్షశాస్త్రమో విందామని వస్తే, కుర్చీ ఖాళీగా ఉన్నప్పుడు కూర్చోనివ్వడం పెద్ద కోరికేం కాదు. శాసనసభ్యులను, విశ్వవిద్యాలయాలను ఈ మాట అడగాలి. అడిగేవారిలో మన సంఘాలూ ఉండాలి.

కానీ మన సంగతి అక్కడితో ముగియదు. అసలు కథ అక్కడ మొదలు కూడా కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో అక్షరాస్యులు 44 శాతమే. పురుషుల్లో 59, స్త్రీలలో 28. అంటే ఆ రోజు వందమంది వృద్ధ స్త్రీలను నిలబెడితే డెబ్భై రెండు మందికి తమ పేరున్న కాగితం చదువుకునే వీలు లేదు. ఆ తర్వాత లెక్క కొంత మారి ఉంటుంది. అయినా మన గ్రామ సంఘాల్లో ముందు వరుసలో చాప మీద కూర్చునే తల్లుల వైపు ఒకసారి చూడండి. కీర్తనలన్నీ కంఠతా వచ్చు. బైబిలు గుడ్డలో చుట్టి జాగ్రత్తగా తెచ్చుకుంటారు. వాక్యం చదివేటప్పుడు పక్కనున్న మనవరాలు పేజీ తీసి పెడుతుంది. బ్యాంకులో వేలిముద్ర వేస్తారు, ఎంత తీశారో గుమాస్తా చెప్పిందే లెక్క. బి.పి. మాత్రనూ, షుగరు మాత్రనూ రంగుతోనే గుర్తుపడతారు. మందుల కంపెనీ రంగు మారిస్తే ఏమవుతుంది?

ఈ తల్లులకు విశ్వవిద్యాలయంలో ఖాళీ కుర్చీ చూపించి ఉచితమే రండి అంటే ఎగతాళి చేసినట్టుంటుంది. వారికి కావలసిన మొదటి తలుపు అక్షరం. ఖాళీ కుర్చీ వాదన మాత్రం ఇక్కడా చెల్లుతుంది. ఆ కుర్చీ విశ్వవిద్యాలయంలో ఉండనక్కరలేదు, అంతే.

"ఈ వయసులో అక్షరాలేమిటి?" అనే మాట ఇంట్లోనే ముందు వినిపిస్తుంది. దానికి జవాబు కేరళలో ఒక తల్లి ఇచ్చింది. అళప్పుళ జిల్లాకు చెందిన కార్త్యాయని అమ్మ 2018లో, 96 ఏళ్ల వయసులో, ఆ రాష్ట్రం నిర్వహించిన అక్షరాస్యత పరీక్షలో నూటికి 98 మార్కులు తెచ్చుకుని మొదటి స్థానంలో నిలిచింది. 2020లో రాష్ట్రపతి చేతుల మీదుగా నారీశక్తి పురస్కారం అందుకుంది. 2023లో కన్నుమూసింది. చివరి అయిదేళ్లు ఆమె చదువు వచ్చిన మనిషిగా బతికింది. అయిదేళ్ల కోసం అంత శ్రమ ఎందుకనేవారు, ఆ అయిదేళ్లూ ఆమెవని మరచిపోతున్నారు.

అక్షరం పెద్దవారి చేతికొస్తే ఊరు కూడా మారుతుంది. 1990ల ఆరంభంలో నెల్లూరు జిల్లాలో రాత్రి బడులు నడిచాయి. ఆ బడుల్లో కూర్చున్న దూబగుంట స్త్రీలు సారా దుకాణాన్ని మూయించారు. ఆ నిప్పు జిల్లా అంతా పాకింది. 1993లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. పుస్తకంలోని పాఠం తమ ఇంటి కథేనని వారు చదివి తెలుసుకోవడం దానికొక కారణం.

ఆరు రోజులు మూసి ఉండే గది

ఇక మన సంగతి. కార్పొరేటు కళాశాల ఒక్క గది కూడా ఖాళీగా ఉండనివ్వదు. మన మందిరాలు వారంలో ఎక్కువ రోజులు పగటి పూట తాళం వేసే ఉంటాయి. పంకాలున్నాయి, కుర్చీలున్నాయి, మంచినీళ్లున్నాయి, సండేస్కూలు నల్లబల్ల ఉంది. సంఘంలో పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులున్నారు, నర్సులున్నారు, బ్యాంకు ఉద్యోగులున్నారు. ఖాళీ కుర్చీ కోసం విశ్వవిద్యాలయాన్ని అడిగే ముందు మన దగ్గరున్న ఖాళీ కుర్చీలు లెక్కపెట్టుకోవాలి.

సంఘానికి ఇది కొత్త పని కాదు. 18వ శతాబ్దంలో వేల్స్ దేశంలో గ్రిఫిత్ జోన్స్ అనే పాదిరి సంచార బడులు నడిపాడు. బడి ఒక ఊళ్లో మూడు నెలలుండి తర్వాతి ఊరికి వెళ్లేది. పిల్లలతోపాటు పెద్దవారూ వచ్చి సొంత భాషలో చదవడం నేర్చుకున్నారు. మన దేశంలో వెల్దీ ఫిషర్ అనే మెథడిస్టు సేవకురాలు 1953లో అలహాబాదులో అక్షరాస్యతా కేంద్రం స్థాపించింది. తర్వాత అది లక్నోకు మారింది. దాన్ని మొదలుపెట్టేనాటికి ఆమె వయసు 73. పౌలు చెరసాలలో, తన అంతం దగ్గరపడిందని తెలిసి తిమోతికి రాసిన ఉత్తరంలో అంగీతోపాటు పుస్తకాలు కూడా తెమ్మని అడిగాడు. ఇక ఎన్నాళ్లుంటానని, ఎందుకీ పుస్తకాలని ఆయన అనుకోలేదు.

మేము మూడు సూచనలు చేస్తున్నాం.

మొదటిది. మీ సంఘంలో 60 దాటి చదవడం రానివారెందరో ఈ నెలలోనే తెలుసుకోండి. నలుగురిలో చెయ్యెత్తమని అడగకండి, సిగ్గుపడతారు. స్త్రీల సమాజం అక్కలు ఇంటికి వెళ్లి మెల్లగా అడగాలి. కేంద్ర ప్రభుత్వ నవభారత సాక్షరతా కార్యక్రమం 2022 నుంచి 2027 వరకు నడుస్తోంది. ఉల్లాస్ అన్న పేరు మీరు వినే ఉంటారు. అందులో 15 ఏళ్లు దాటినవారెవరైనా చేరవచ్చు, పై వయసుకు హద్దు లేదు. బోధించేది స్వచ్ఛంద సేవకులే. దగ్గరలోని ప్రభుత్వ పాఠశాల ప్రధానోపాధ్యాయులను కలిసి నేర్చుకునేవారి పేర్లూ, నేర్పేవారి పేర్లూ రాయించండి.

రెండోది. చదువు వచ్చిన పెద్దవారి కోసం వారానికి ఒక మధ్యాహ్నం మందిరం తెరవండి. ఒక వారం విశ్రాంత నర్సు షుగరు జబ్బు గురించి చెప్పవచ్చు. మరో వారం బ్యాంకులో పనిచేసినాయన ఫోనులో జరిగే మోసాల గురించి, ఇంకో వారం తెలుగు మాస్టారు వేమన గురించి చెప్పవచ్చు. బడి వేళలయ్యాక పాఠశాల భవనాలను, గ్రంథాలయాలను వయోజనుల చదువుకు వాడాలని 2020 జాతీయ విద్యావిధానం కూడా చెప్పింది. మీ గది చాలకపోతే ఆ గది అడగండి.

మూడోది. ఆ తరగతి వీధిలో అందరిదీ కావాలి. పక్కింటి హిందూ తాతయ్య, ఎదురింటి ముస్లిం మామ్మ వస్తే మతం మాట ఎత్తకుండా కూర్చోబెట్టండి. అక్షరాన్ని ఎరగా వాడితే అక్షరానికీ విలువ ఉండదు, మన సాక్ష్యానికీ విలువ ఉండదు.

పిల్లలతో కూడా ఒక మాట. అమ్మ వారానికి రెండు మధ్యాహ్నాలు తరగతికి వెళతానంటే, మనవణ్ణి ఎవరు చూస్తారన్న ప్రశ్న మొదట అడగకండి. మీ చదువు కోసం ఆమె తన చదువు మానుకుని ఉండవచ్చు. ఆ రెండు గంటలు మీరు సర్దుకోండి.

వచ్చే సంఘ కమిటీ సమావేశంలో భవన నిర్మాణ లెక్కల తర్వాత ఈ విషయాన్ని కూడా చేర్చమని మీ పాస్టరుగారిని అడగండి. నేర్పగలవారి పేర్లు ఒక కాగితం మీద, నేర్చుకోవలసినవారి పేర్లు ఇంకో కాగితం మీద రాయండి. మొదటి తరగతికి ముగ్గురే వచ్చినా తరగతి ఆపకండి.